శాసనసభలో ఏ పని ముందు?



ఎన్నికలు వచ్చాయంటే అభ్యర్థులు మన గుమ్మం ముందుకొచ్చి చేతులు జోడిస్తారు. మనం కుళాయి నీళ్ళ సంగతి, రోడ్డు సంగతి, రేషను కార్డు సంగతి అడుగుతాం. అడగవలసిందే. కాని శాసనసభ్యుల అసలు పని చట్టాలు చేయడం కదా! "సభకు వెళితే ముందు ఏ చట్టం కోసం పట్టుబడతారు? దాని తర్వాత ఏది?" అని మనలో ఎంతమందిమి అడుగుతున్నాం?

ఆ ప్రశ్న ఎందుకు అడగాలో తెలియాలంటే డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి గారి కథ తెలుసుకోవాలి. ఆవిడ 1886లో పుదుక్కోటలో పుట్టారు. తండ్రి కాలేజీ ప్రిన్సిపాలు. తల్లి దేవదాసీల ఇంట పుట్టిన మనిషి. మగపిల్లల కాలేజీలో చదువుకుని, 1912లో మద్రాసు మెడికల్ కాలేజీ నుంచి డాక్టరు పట్టా పుచ్చుకున్నారు. ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో ఆడవాళ్ళకు ఓటు 1921లో వచ్చింది గాని, సభలో కూర్చునే వీలు 1926 దాకా లేదు. ఆ వీలు కలగ్గానే ప్రభుత్వం ఆవిడను శాసనమండలికి నామినేట్ చేసింది. సభ్యులంతా ఏకగ్రీవంగా ఉపాధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. మన కోస్తా జిల్లాలూ, రాయలసీమా అప్పట్లో ఆ రాష్ట్రంలోవే. అంచేత అక్కడ జరిగినదంతా మన తెలుగు ఆడపిల్లల సంగతి కూడా.

సభలో అడుగు పెట్టేసరికి ఆవిడ ముందు ఎన్నో పనులున్నాయి. బాల్యవివాహాలు ఆగాలి. బడిపిల్లలకు వైద్య పరీక్షలు జరగాలి. పసిపిల్లలకు మంచి ఆసుపత్రి కావాలి. ఆడపిల్లలను దేవుడి పేర గుడికి అప్పగించే ఆచారం పోవాలి. అన్నీ ముఖ్యమైనవే. అయినా అన్నిటినీ ఒకే దారిన నడిపించలేం గదా!

ఇక్కడ ఒక చిన్న తేడా తెలుసుకోవాలి. తీర్మానం వేరు, బిల్లు వేరు. తీర్మానం అంటే "ఇది చేస్తే బాగుంటుంది" అని సభ ప్రభుత్వానికి చెప్పే మాట. ప్రభుత్వం విన్నా వినవచ్చు, ఊరుకున్నా ఊరుకోవచ్చు. బిల్లు అంటే చట్టం కాబోయే ముసాయిదా. సభ ఆమోదించి, గవర్నరు సంతకం పడితే అది చట్టమవుతుంది. అప్పుడు దాన్ని ప్రభుత్వం పాటించి తీరాలి.

పెళ్ళీడు దేశమంతటికీ ఒకటే ఉండాలంటే ఢిల్లీలో చట్టం కావాలి. అందుకని ఆ విషయంలో ఆవిడ మద్రాసు సభ చేత తీర్మానం చేయించి ఊరుకున్నారు. తర్వాత 1929లో ఢిల్లీలో శారదా చట్టం వచ్చింది. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 అని పెట్టారు. ఇప్పుడది 18, 21 అయింది.

దేవదాసీల విషయంలో మాత్రం రాష్ట్ర సభే చేయగలిగింది చాలా ఉంది. అసలు చిక్కు ఎక్కడుందో చూడండి. ఊహ తెలియని పిల్లకు దేవుడి పేర తాళి కట్టేవారు. ఆ పిల్లకిక పెళ్ళి లేదు. గుడిలో ఆట, పాట, సేవ. అందుకు ప్రతిఫలంగా ఆ కుటుంబానికి మాన్యం భూమి. సేవ చేసే మనిషి లేకపోతే మాన్యం ఉండదు. అంటే తల్లికి వయసు మళ్ళేసరికి ఇంట్లో ఇంకో ఆడపిల్ల గుడికి వెళ్ళాలి, లేదా భూమి పోవాలి. ఆ తల్లి ఏం చేస్తుంది చెప్పండి?

1927 నవంబరులో ముత్తులక్ష్మి గారు ఈ ఆచారాన్ని ఆపాలని తీర్మానం పెడితే సభ ఆమోదించింది. తీర్మానంతో పని జరగదని ఆవిడకు తెలుసు. అందుకే బిల్లు తెచ్చారు. అదీ తాళి మీద కాదు, ముందు భూమి మీద. ఆ బిల్లు 1929లో దేవాదాయ చట్టానికి సవరణగా నెగ్గింది. దాని ప్రకారం మాన్యానికీ గుడి సేవకూ ముడి తెగిపోయింది. సేవ మానేసినా, నిర్ణయించిన శిస్తు కట్టుకుంటూ భూమి అనుభవించవచ్చు. పిల్లను గుడికి పంపకపోతే కూడు పోతుందన్న భయం తీరింది. ఏది ముందు చేయాలో తెలిసి ఉండటమంటే ఇదీ!

అందరూ మెచ్చుకున్నారనుకుంటున్నారా? లేదు. దేవదాసీలే చాలామంది ఎదిరించారు. వారి పక్షాన నిలిచినవారిలో బెంగుళూరు నాగరత్నమ్మ గారొకరు. ముద్దుపళని 'రాధికాసాంత్వనము'ను 1910లో అచ్చు వేయించింది ఆవిడే. మా విద్య, మా ఆస్తి, మా గౌరవం ఏం కావాలి, మమ్మల్నందరినీ ఒకే గాటన కట్టి చెడ్డవాళ్ళంటారేం అని వారి ఆవేదన. అందులో న్యాయం లేకపోలేదు. ఒక బతుకు వద్దనడం తేలిక, ఇంకో బతుకు చూపించడం కష్టం. గుడి విడిచి వచ్చిన పిల్లలు తలదాచుకోవడానికి ముత్తులక్ష్మి గారు 1930 ప్రాంతంలో మద్రాసులో అవ్వై ఇల్లం ప్రారంభించారు. చట్టం కాగితం మీద ఉంటే, అన్నం కంచంలో ఉండాలి కదా!

ఇహ మిగిలింది దేవుడి పేర తాళి కట్టడాన్నే నేరంగా చేయడం. 1930లో ఆ బిల్లూ పెట్టారు. కాని ఆ ఏడే గాంధీగారిని అరెస్టు చేసినందుకు నిరసనగా ఆవిడ సభ్యత్వానికి రాజీనామా ఇచ్చేశారు. సభలో పట్టుబట్టే మనిషి లేక బిల్లు నిలిచిపోయింది. చివరికి చట్టం అయింది 1947లో! 1930లో ఐదేళ్ళ పసిది 1947 నాటికి ఇరవై రెండేళ్ళ మనిషి. ఆ చట్టం ఆ పిల్లకు అక్కరకు రాలేదు. బిల్లు ఆగిందంటే కాగితం ఆగినట్టు కాదు, ఒక తరం బాల్యం పోయినట్టు.

తెలంగాణ అప్పట్లో నిజాం పాలనలో ఉండటం వల్ల ఈ చట్టాలు అక్కడికి చేరలేదు. జోగిని, బసివి, మాతమ్మ అనే పేర్లతో ఈ ఆచారం తెలుగు పల్లెల్లో పేద దళిత కుటుంబాల్లో సాగుతూనే వచ్చింది. 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఈ పేర్లన్నిటికీ వర్తించేలా నిషేధ చట్టం చేసింది. అయితే దాన్ని ఎలా అమలు చేయాలో చెప్పే నియమావళి మాత్రం రెండు దశాబ్దాలు దాటినా రాలేదు. నియమావళి లేని చట్టం తాళంచెవి లేని బీరువా వంటిది. లోపల ఎంత మంచి చీర ఉంటే ఏం లాభం?

అంచేత ఈసారి మీ ఇంటికి ఓటు కోసం వచ్చినవారిని, ఆడవారైనా మగవారైనా, మూడు మాటలు అడగండి. మీరు చెప్పే వాటిలో మొదటిది ఏది? అది రాష్ట్రం చేతిలో ఉన్నదా, ఢిల్లీ చేతిలో ఉన్నదా? చట్టమయ్యాక దాని నియమాలూ, డబ్బూ, అమలు చేసే అధికారీ ఎక్కడినుంచి వస్తారు?

చట్టసభల్లో మూడో వంతు స్థానాలు స్త్రీలకు కేటాయిస్తూ 2023లో రాజ్యాంగ సవరణ చేశారు. సీట్లు రావడం మంచిదే. సీటులో కూర్చున్నాక ముత్తులక్ష్మి గారిలా ముందు ఏ ముడి విప్పాలో తెలిసినవారు కావాలి. అటువంటివారిని ఎంచుకోవడం మన చేతిలోనే ఉంది. వచ్చినవారికి మంచినీళ్ళిచ్చి, కూర్చోబెట్టి, నెమ్మదిగానే అడగండి. జవాబు చెప్పేదాకా మాత్రం వదలకండి.