పుట్టినరోజు ఎవరిది?

"మనింట్ల పుట్టినరోజు ఎవరిదిరా?" అని మా అక్కయ్య కొడుకును గద్దించి అడిగింది. అడగదూ మరి! వాడు నడింట్లోని మంచాన్ని గోడకు చేర్చాడు. బియ్యం డబ్బామీద సెల్‌ఫోను నిలబెట్టాడు. చాలక, ఆమె పెళ్ళినాటి పట్టుచీర తీసి వెనుక తెరగా కట్టాడు.

"ఒక సాఫ్టువేరుదమ్మా."

"దానికి గూడ పుట్టినరోజా! పాయసం తాగుతదా?"

2023 ఆగస్టు 16 సాయంత్రం నాగర్‌కర్నూలు జిల్లా కోడేరులో జరిగిన సంభాషణ ఇది. చుట్టపుచూపుగా వెళ్ళిన నేను ఇందులో చిక్కుకున్నాను. పుట్టినరోజు "డెబియన్"ది. ఆనాటికి దానికి 30 యేళ్ళు నిండాయి.

కంప్యూటరు యంత్రం దానంతటది ఏ పనీ చేయలేదు. దానిచేత పని చేయించే పెత్తందారు ఒకటి కావాలి. దానినే ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న ఇయాన్ మర్డాక్ అనే 20 యేళ్ళ కుర్రవాడు, అటువంటిది ఒకటి తయారుచేస్తున్నానని 1993 ఆగస్టు 16న ప్రకటించాడు. ప్రేయసి డెబ్రా పేరులో ముందు ముక్కకు తన పేరు జోడించి డెబియన్ అన్నాడు. తరువాత ఆమెనే పెళ్ళాడాడు. 2015 డిసెంబరులో ఆయన కన్నుమూశాడు కాని, నాటిన చెట్టు ఎండిపోలేదు.

ఈ సాఫ్టువేరుకు యజమాని లేడు, వెల లేదు. ఎట్లా చేశారో అంతా బహిరంగమే. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వవచ్చు. లోకం నలుమూలలా వందలాదిమంది దీనిని నిలబెడుతున్నారు. ప్రతి కొత్త కూర్పుకూ "టాయ్ స్టోరీ" అనే పిల్లల సినిమాలలోని పాత్ర పేరు పెడతారు. తొలినాళ్ళలో దీనికి నాయకత్వం వహించిన బ్రూస్ పెరెన్స్ ఆ సినిమా తీసిన పిక్సార్ కంపెనీలో ఉద్యోగి మరి! 2023 జూనులో వచ్చిన కూర్పు పేరు "బుక్‌వర్మ్", అనగా పుస్తకాల పురుగు.

"జీతం లేకుంట గింత పని ఎందుకు చేస్తరురా?" అన్నది అక్కయ్య.

"ఊరంత కలిసి చెరువుల పూడిక తీస్తే నీళ్ళు ఎవరికమ్మా?"

"ఊరికే."

"గిది గూడ గంతే. పైగ ఈ నీళ్ళు ఎంత తోడుకున్న తరగవు. నువ్వు మామిడి తొక్కు కొలత ఎవ్వరికీ చెప్పవు. వీళ్ళు చెప్పిన్రు. గదే తేడా."

అక్కయ్య మూతి ముడుచుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆమె తొక్కు రహస్యం కోడేరులో ఇంకొక ప్రాణికి తెలియదు.

ఇక ప్రసారం సంగతి. ఊరూరా వున్న మిత్రులు ఎనిమిదిమంది ఎవరి ఇంటినుంచి వారు మాట్లాడాలి. అందరి ముఖాలనూ మాటలనూ ఒకచోట కూర్చి లోకానికి పంపే కంప్యూటరు హైదరాబాదులో ఒక మిత్రుని ఇంట వున్నది. కూర్చే పనిముట్టు 2012లో మొదలైన ఓబీఎస్. అదీ ఇటువంటి ఉచిత వితరణమే. సెకనుకు 3 మెగాబిట్ల చొప్పున పంపితే గంటకు 1350 మెగాబైట్లు ఖర్చవుతాయని మావాడు లెక్కకట్టాడు. బొమ్మ కాస్త మసకబారినా జనం సహిస్తారు కాని, మాట వినబడకపోతే సహించరట! అందుకని ఫ్యానుకూడా ఆపించాడు. చెమటలు కక్కుతూ కూర్చున్నాము.

ఎట్టకేలకు ప్రసారం మొదలైంది. ఇద్దరు మాట్లాడారు. తరువాతి వంతు మావాడిది. తెలుగును గురించి చెప్పేది వాడొక్కడే. నెల రోజులనుంచి ఆ పదినిమిషాలకోసం తంటాలు పడుతున్నాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది!

వాడి ముఖం చూడలేకపోయాను. "తెలుగు వంతు పోయె మామా" అన్నాడు నీరసంగా. కాని ప్రసారం ఆగలేదు. హైదరాబాదులోని మిత్రుడు ఏమీ జరగనట్టే తరువాతివారిని ముందుకు పిలిచాడు. ఒకరు పడితే ఇంకొకరు అందుకోవాలని ముందే అనుకున్నారట. ఈలోగా అక్కయ్య దీపం తెచ్చింది. నేను నా ఫోను ఇచ్చాను. బొమ్మ లేదు, మాట మాత్రం కలిసింది.

చీకట్లోనే చెప్పాడు: "డెబియన్‌ను కంప్యూటరులో పెట్టేటప్పుడు, ఏ భాష కావాలని అది అడుగుతుంది. ఆ జాబితాలో తెలుగు వున్నది. ఎవరో కూర్చుని తెనిగించారు గనుక వున్నది. కొత్త కూర్పులో కొత్త వాక్యాలు వస్తాయి. వాటిని తెనిగించేవారు లేకపోతే అక్కడ ఇంగ్లీషే కనబడుతుంది. మన భాషను ఎవరూ తోసివేయరు. మనం రాకపోతే అదే వెనుకబడుతుంది."

చూస్తున్నవారు నలభైమందికి మించి లేరు. అయితేనేం, ఒక డిగ్రీ విద్యార్థిని, "నేను రెండు వాక్యాలు తెనిగించి పంపవచ్చునా?" అని రాసింది. మావాడు ఆ ముక్క మూడుసార్లు పైకి చదివాడు. మరుసటి నెలలో డెబియన్ ప్రపంచ మహాసభ మన దేశంలోనే, కొచ్చిలో జరిగింది. కాని వాడి దృష్టిలో అసలు పండుగ ఆ రెండు వాక్యాలే.

పాయసం తిని పడుకున్నాము. తెల్లవారి లేచేసరికి పెరటి గోడదగ్గర అక్కయ్య గొంతు వినబడింది. పొరుగింటామెకు చెబుతున్నది:

"కాయలు బాగ ఆరినంకనే కొయ్యాలె. ఇగ ఉప్పు కొలత చెప్త, రాసుకో…"