బడికి ఎంత ధనము చాలును?

మూసారాంబాగు మెట్రో స్టేషనుకడ బయలుదేరి దిల్‌సుఖ్‌నగరు మీదుగా ఎల్.బి. నగరు చేరుటకు పట్టు కాలము స్వల్పమే యైనను, ఆ దారిలో ప్రయాణికుడు ఒక జిల్లా హద్దును దాటుచున్నాడు. మూసారాంబాగు హైదరాబాదు జిల్లాలోనిది. ఈ జిల్లాకు జిల్లా పరిషత్తు లేదు గనుక ఇచటి సర్కారు బడులు నేరుగా ప్రభుత్వమువే. ఎల్.బి. నగరు రంగారెడ్డి జిల్లాలోనిది. ఆ జిల్లాలో జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలు, మండల పరిషత్తు ప్రాథమిక పాఠశాలలు కనిపించును. యాజమాన్యములు వేరైనను ఉపాధ్యాయుల జీతములు వచ్చునది రాష్ట్ర ఖజానానుండియే. కావున పేటలోని ఇండ్ల విలువ హెచ్చినంతమాత్రమున బడికి ధనము హెచ్చదు.

అమెరికాలో స్థితి వేరు. అచటి పాఠశాలా జిల్లాలు స్థానికమైన ఆస్తిపన్నుపై మిక్కిలి ఆధారపడుటచే, ధనికుల పేటలోని బడి సంపన్నముగను, పేదల పేటలోని బడి దరిద్రముగను ఉండుట సహజమైపోగా, 1923లో స్ట్రేయరు, హేగు అను పండితులు న్యూయార్కు రాష్ట్రమును పరిశీలించి, ప్రతి విద్యార్థికిని ఇంత కనీసవ్యయ మని నిర్ణయించి, జిల్లా తన పన్నుతో అందుకొనలేని భాగమును రాష్ట్రమే పూరింపవలెనను సూత్రమును రూపొందించిరి. 1989లో కెంటకీ రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానము ఆ రాష్ట్రపు విద్యావ్యవస్థ యావత్తును రాజ్యాంగవిరుద్ధమని ప్రకటించిన పిమ్మట, ‘అందరికిని సమానముగ నున్నదా’ అను ప్రశ్నకంటె ‘చదువు చెప్పుటకు చాలునా’ అను ప్రశ్న ప్రధానమైనది. చాలుటను కొలుచుటకు అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులను కూర్చుండబెట్టి అవసరములను ఎన్నించుట ఒక మార్గము. మంచి ఫలితములు చూపిన బడుల వ్యయమును ప్రమాణముగ గొనుట మరియొకటి. పేదపిల్లలకు, ఇంటిభాష వేరైనవారికి, వికలాంగులకు అధిక గణనభారమును (వెయిటేజిని) కట్టి లెక్కించుట ఆ సూత్రములలో సాధారణము.

మనకు ప్రమాణము 2009 నాటి విద్యాహక్కు చట్టపు అనుబంధము. ఒకటినుండి అయిదు తరగతులున్న బడిలో అరువదిమంది పిల్లలవరకు ఇద్దరు ఉపాధ్యాయులు, తొంబదివరకు ముగ్గురు, నూటయిరువదివరకు నలుగురు. ఇద్దరు ఉపాధ్యాయులతో అరువదిమంది చదువు బడి ఒకటి ఉన్నదనుకొనుడు. కొన్నియేండ్లలో పిల్లలు ప్రైవేటు బడులకు తరలిపోయి ఇరువదిమంది మిగిలినచో, జీతములు మారవు గనుక తలసరి వ్యయము మూడురెట్లగును. కాగితముపై ఆ బడి సంపన్నమైనది. లోన మాత్రము ఒక ఉపాధ్యాయుడు రెండు తరగతులను, మరియొకడు మూడు తరగతులను ఒకేసారి పట్టుకొని యున్నారు. ఖర్చును పిల్లల సంఖ్యతో భాగించి వచ్చిన అంకెను చూచి ‘సర్కారు బడిలో ధనము వృథా యగుచున్న’దని పలుకువారు ఈ సంగతిని గమనింపవలెనని నా ప్రార్థన.

కేంద్ర ప్రభుత్వ విద్యాపథకమగు సమగ్ర శిక్ష నిబంధనలలోని కాంపోజిట్ స్కూల్ గ్రాంటు ఇంకను స్పష్టమైన ఉదాహరణము. సుద్దముక్కలు, రిజిష్టర్లు, చిల్లర మరమ్మతులు, కరెంటు, నీరు మొదలగు వానికి ఏటేట ఇచ్చు ఈ సొమ్ములో కనీసము పదవవంతు పారిశుద్ధ్యమునకు. ముప్పదిమందివరకు ఉన్న బడికి 10,000 రూపాయలు, నూరువరకు 25,000, రెండువందల యేబదివరకు 50,000, వేయివరకు 75,000, ఆపైన లక్ష. లెక్క వేసి చూడుడు: 250 మంది యున్నచోట తలకు 200 రూపాయలు, ఇంకొక్క పిల్ల చేరగనే దాదాపు 300, వేయిమంది యున్నచోట 75 మాత్రమే. గది ఊడ్చుటకు, మరుగుదొడ్డి కడుగుటకు ఎంత కావలెనను ప్రశ్న ఈ మెట్లలో ఎచటను అడుగబడలేదు.

ఈ మెట్లన్నియు పిల్లల సంఖ్యపై నిలిచినవి. ఆ సంఖ్యను లెక్కించుటకు చిరకాలముగ ఆధారమైన తేది సెప్టెంబరు 30. 2024 అక్టోబరు తొలిదినములలో మూసారాంబాగు ప్రాంతమున మూసీ నదీగర్భములోని ఇండ్లను కూల్చుట ఆరంభమైనది. ఖాళీ చేసిన కుటుంబములు ప్రభుత్వమిచ్చిన డబుల్ బెడ్‌రూం ఇండ్లకు తరలినవి. అట్టి ఇంటి బాలిక ఒకతె పుస్తకముల సంచితో క్రొత్త పేటలోని బడికి పోయినదనుకొనుడు. సెప్టెంబరు లెక్కలో ఆమె ఆ యేటికి పాతబడి పిల్లయే. ఆమెకు చోటు చూపి, తప్పిపోయిన పాఠములను మరల చెప్పవలసినది మాత్రము క్రొత్తబడి.

ఫలితములనుబట్టి ధనమిచ్చుటయు మనకు క్రొత్త కాదు. కోస్తా, రాయలసీమలు మదరాసు రాజధానిలో నుండిన 19వ శతాబ్ది ద్వితీయార్ధమున, అధికారి వచ్చి పరీక్షించి, ఉత్తీర్ణులైన పిల్లల సంఖ్యనుబట్టి బడికి గ్రాంటు నిర్ణయించు పద్ధతి యుండెను. 1862 నాటి ఇంగ్లాండు నిబంధనలు దీనికి మాతృక. నెమ్మదిగ నేర్చుకొను పిల్ల ఆ లెక్కలో బడికి నష్టమే. మంచి ఫలితములు చూపిన బడుల వ్యయమునే నేడు ప్రమాణముగ గొన్నను, ఆ బడులలో చేరిన పిల్లలెవరో విచారింపనిచో ఈ దోషమే మరల తలయెత్తును.

అవసరమునుండి బయలుదేరి వ్యయమును నిర్మించిన లెక్క మనదేశమున లేకపోలేదు. తపస్ మజుందారు అధ్యక్షతను ఏర్పడిన నిపుణుల సంఘము 1999లో ప్రాథమిక విద్యను సార్వజనీనము చేయుటకు పదియేండ్లలో సుమారు 1,37,000 కోట్ల రూపాయల అదనపు వ్యయము కావలెనని తేల్చినది. ఆ రీతి లెక్కను ఒక్కొక్క బడివరకు దింపుటకు వలసిన గదుల సంఖ్య, మరుగుదొడ్లు, ఉపాధ్యాయుల పోస్టులు మున్నగు వివరములు బడుల సమాచార వ్యవస్థయగు యూడైసులో ఏటేట నమోదగుచునే యున్నవి. వానికి నడియేట వచ్చి చేరిన పిల్లల పట్టీని కలిపి, తెలుగు గాని ఉర్దూ గాని ఇంటిభాష కాని వలసకూలీల బిడ్డలకు భారము హెచ్చించి, మూసారాంబాగులోని ఒక బడితోనే ఆ లెక్కను ఆరంభింపవచ్చును.