తెలిసీ తప్పే వేళ

ఆదిపర్వంలోని కచుని కథను నన్నయ మనోహరంగా తెనిగించాడు. మృతసంజీవనీ విద్య కోసం వచ్చిన కచుని రాక్షసులు చంపి, కాల్చి, ఆ బూడిదను మద్యంలో కలిపి శుక్రాచార్యునికి ఇచ్చారు. మృతులను బ్రతికించగల మహాజ్ఞాని తాను త్రాగుతున్నదేమిటో గుర్తించలేకపోయాడు. పిదప పశ్చాత్తాపంతో సురాపానాన్ని నిషేధించాడు. ఆయన విద్యలో లోపం లేదు. పాత్ర చేతిలో ఉన్నప్పుడు మాత్రం అది అక్కరకు రాలేదు.

హెచ్.ఐ.వి. విషయంలో నేటి యువకుల స్థితి ఇంచుమించు ఇటువంటిదే. మన దేశంలో ఈ వైరస్ 1986లో తొలిసారిగా మద్రాసులో బయటపడింది. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఏర్పడింది. నాటి నుండి జరిగిన ప్రచారం వృథా కాలేదు. వ్యాధి ఏయే మార్గాలలో సోకుతుందో తరగతిలో అడిగితే, అరక్షిత లైంగిక సంబంధం మొదలుకొని కలుషితమైన సూదుల వరకు విద్యార్థులు తడుముకోకుండా చెబుతారు. నిండుగా మార్కులు వేయవచ్చు. కాని అసలు పరీక్ష జరిగేది తరగతి గదిలో కాదు.

మద్యం వలన హెచ్.ఐ.వి. పుట్టదు. కొందరు వక్తలు ఈ రెండింటినీ కలిపి పాపపుణ్యాల ప్రసంగంగా మారుస్తారు కనుక ఈ మాట స్పష్టంగా చెప్పవలసి వస్తున్నది. మద్యం చేసే పని వేరు. మంచిచెడ్డలను తూచి మనిషిని నిగ్రహించే మెదడు ముందుభాగాన్ని అది మందగింపజేస్తుంది. కోరిక అలాగే ఉంటుంది, వివేచన సడలిపోతుంది. జేబులో కండోమ్ ఉన్నా దానిని వాడాలన్న తలంపు రాదు. ఎదుటివారి సమ్మతిని గ్రహించే శక్తి సైతం తగ్గుతుంది. తొలి జీతం అందుకొని, ఇల్లు విడిచి దూరప్రాంతంలో మిత్రులతో గడిపే యువకునికి “ఒక్కసారికి ఏమవుతుందిలే” అనే మాట ఆ వేళ తిరుగులేని తర్కంగా తోస్తుంది. అందుచేత ఎంత త్రాగాలి, అసలు త్రాగాలా, ఎవరితో తిరిగి రావాలి అన్న నిర్ణయాలు మొదటి గుక్కకు ముందే జరగాలి.

పొరపాటు జరిగిన మరునాడు సిగ్గుతో మౌనం వహించడం రెండవ పొరపాటు. సోకే అవకాశం ఉందని అనుమానం కలిగినప్పుడు 72 గంటల లోపు, వీలైనంత త్వరగా వైద్యుని కలిస్తే, వైరస్ శరీరంలో స్థిరపడకుండా నిరోధించే మందులను 28 రోజుల పాటు ఇస్తారు. తొలి వారాలలో చేసిన రక్తపరీక్షలో వైరస్ జాడ తెలియకపోవచ్చు. కనుక వైద్యుడు చెప్పిన గడువుకు మరల పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ కేంద్రాలలో ఈ పరీక్ష ఉచితం, వివరాలు గోప్యం. 1097 అనే సంఖ్యకు ఫోన్ చేసి సలహా పొందవచ్చు. 2017 నాటి చట్టం వ్యాధి సోకినవారిపై వివక్షను నిషేధించింది.

2004 నుండి ప్రభుత్వం ఏ.ఆర్.టి. మందులను ఉచితంగా అందిస్తున్నది. వాటిని క్రమం తప్పక వాడి, వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిన స్థితి నిలుపుకొన్నవారి నుండి లైంగిక సంబంధం ద్వారా అది ఇతరులకు సోకదు. ఇక్కడా మద్యం అడ్డుపడుతుంది. త్రాగిన రాత్రి మాత్ర మరచిపోవడం మామూలు. మోతాదులు తరచుగా తప్పితే వైరస్ మందుకు లొంగకుండా పోవచ్చు. వైద్యుడు త్రాగుడు గురించి అడిగేది మందలించడానికి కాదు, ఆ మాత్ర రోజూ ఏ వేళకు వేసుకుంటే మరపు రాదో నిర్ణయించడానికి.