వార్తల్లో పదం: బ్యాక్‌హాల్

ఇల్లంతా మెష్ వైఫై పెట్టుకున్నాక కూడా వీడియో కాల్ తెగిపోతుంటే చాలామంది తిట్టేది బ్రాడ్‌బ్యాండ్ కంపెనీని. తరచూ దోషం బ్యాక్‌హాల్‌ది. ప్రధాన రౌటర్‌కూ, గదుల్లో పెట్టే వైఫై పెట్టెలకూ (నోడ్‌లకూ) నడుమ డేటా నడిచే దారి అది. నోడ్ ఇటు ఫోన్‌తోనూ అటు రౌటర్‌తోనూ ఒకే రేడియో మీద మాట్లాడాల్సి వస్తే వేగం దాదాపు సగానికి పడిపోతుంది. మధ్యలో మరో నోడ్ ఉంటే ఇంకా తగ్గుతుంది. ఫోన్‌లో నిండుగా కనిపించే సిగ్నల్ గీతలు మోసం చేసేది ఇక్కడే. అవి ఫోన్‌కూ నోడ్‌కూ మధ్య బలాన్నే చెబుతాయి, వెనక దారి సంగతి వాటికి తెలియదు.

మరి కంపెనీ తప్పు ఉండదా? ఉండొచ్చు. ప్రధాన రౌటర్‌కు లాప్‌టాప్‌ను కేబుల్‌తో కలిపి చూస్తే తేలిపోతుంది. అక్కడా వేగం లేకుంటే ఫిర్యాదు న్యాయమే. ఇంకో నోడ్ కొంటే సరిపోదా అన్నది రెండో వాదన. నోడ్‌లు ఎక్కువైతే ఒకే చానల్ కోసం పోటీపడతాయి. సిగ్నల్ అందని గదిలోనే నోడ్ పెట్టడం నీళ్లు రాని కాలువకు తూము కట్టడమే. రౌటర్‌కూ ఆ గదికీ మధ్యలో ఉంచాలి. 5 గిగాహెర్ట్జ్ తరంగాలు వేగమైనవే గానీ, 2.4 కన్నా వాటిని కాంక్రీటు గోడలు ఎక్కువగా మింగేస్తాయి. మూడు బ్యాండ్‌ల ఖరీదైన మెష్‌కూ ఆ గోడలు తప్పవు. కేబుల్‌కు ఆ బాధ లేదు కాబట్టి, కొత్తగా ఇల్లు కట్టుకునేవారు కరెంటు వైరింగ్ చేయించేటప్పుడే ఈథర్నెట్ కేబుల్‌కు విడిగా ఓ పైపు వేయించుకోవాలి.