పాత కారుకు టచ్ స్క్రీన్ పెట్టిస్తున్నారా..? వైరు కట్ చేయకముందే ఇవి తెలుసుకోండి!

కారు పదేళ్లది.. ఇంజిన్ మాత్రం బాగానే ఉంది. డ్యాష్‌బోర్డులో ఇంకా పాత సీడీ ప్లేయరే. అది తీసేసి టచ్ స్క్రీన్ పెట్టిస్తే మ్యాపు, పాటలు, రివర్స్ కెమెరా అన్నీ ఒకేచోట వచ్చేస్తాయి. నంద్యాల, ఆళ్లగడ్డ మధ్య కొత్తపల్లె లాంటి ఊళ్లలో పాత కార్లున్న చాలామందిది ఇదే ఆలోచన. అయితే షాపుకు వెళ్లే ముందు కొన్ని విషయాలు తెలిసి ఉండాలి. లేదంటే డబ్బు పోవడమే కాదు.. ప్రాణానికే ముప్పు.

మీ కారులో ఏ సైజు పడుతుంది?

కారు స్టీరియోలకు ప్రపంచమంతా ఒకటే కొలత.. అదే 'డిన్'. జర్మనీ ప్రమాణాల సంస్థ పేరు మీదే ఇది వచ్చింది. సింగిల్ డిన్ అంటే వెడల్పు సుమారు 180 మిల్లీమీటర్లు, ఎత్తు 50. డబుల్ డిన్‌కు వెడల్పు అంతే, ఎత్తు మాత్రం 100. మారుతి 800 లాంటి పాత కార్లలో ఉండేది సింగిల్ డిన్ చోటే. డబుల్ డిన్ చోటు ఉంటే స్క్రీన్ తేలిగ్గా కూర్చుంటుంది. 9, 10 అంగుళాల స్క్రీన్‌కు ఆ మోడల్‌కు సరిపోయే ఫ్రేమ్ విడిగా కావాలి. పెద్ద స్క్రీన్ ఏసీ గాలి వచ్చే చోటుకు, హజార్డ్ లైట్ల స్విచ్‌కు అడ్డం రాకుండా చూసుకోండి.

అసలు కథంతా వైరింగ్‌లోనే..

స్టీరియోకు కరెంటు రెండు దారుల్లో వస్తుంది. సాధారణంగా పసుపు వైరు నేరుగా బ్యాటరీ నుంచి, ఎరుపు వైరు తాళం తిప్పితే వచ్చే లైను నుంచి. నలుపు వైరు ఎర్త్. ఎరుపు వైరును కూడా బ్యాటరీకే కలిపేస్తే తాళం తీసినా స్క్రీన్ కరెంటు తాగుతూనే ఉంటుంది. తెల్లారేసరికి బ్యాటరీ డౌన్! పసుపును తాళం లైనుకు కలిపితే ప్రతిసారీ గడియారం, సెట్టింగులు చెరిగిపోతాయి.

అందుకే కంపెనీ వైర్లు కోసి, మెలిపెట్టి, టేపు చుట్టే పని వద్దని చెప్పండి. మీ కారు మోడల్‌కు సరిపోయే కప్లర్ అడగండి. అది పాత సాకెట్‌లోకి నేరుగా దిగుతుంది. ఎండాకాలంలో మన దగ్గర 45 డిగ్రీలు దాటే వేడికి టేపు జిగురు కరిగి ఊడిపోతుంది. వైర్లు ఒకదానికొకటి తగిలితే షార్ట్ సర్క్యూటే. ఫ్యూజ్ ఎగిరిపోతోందని పెద్ద ఫ్యూజ్ వేయించారో.. మంటను పిలిచినట్టే.

ఆ ఒక్క వైరు జాగ్రత్త!

చాలా స్క్రీన్లకు హ్యాండ్ బ్రేక్‌కు కలపాల్సిన వైరు ఒకటి ఉంటుంది. బండి ఆగి, హ్యాండ్ బ్రేక్ వేసి ఉంటేనే వీడియో రావాలన్నది దాని ఉద్దేశం. కొందరు ఫిట్టర్లు ఆ వైరును ఎర్త్‌కు కలిపేస్తారు. అప్పుడు బండి నడుస్తున్నా సినిమా వస్తుంది. 'మాకూ అలాగే కావాలి' అని మాత్రం అడగకండి. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లు స్క్రీన్ చూస్తే కారు 44 మీటర్లు ముందుకు వెళ్లిపోతుంది. 40వ నంబరు జాతీయ రహదారి మీద ఆ 44 మీటర్లలో ట్రాక్టరో, గేదెలో అడ్డం వస్తే..?

బటన్లే మేలా?

2022లో స్వీడన్ కార్ల పత్రిక 'వీ బిలాగరే' ఒక పరీక్ష చేసింది. గంటకు 110 కిలోమీటర్ల వేగంలో ఏసీ, రేడియో మార్చడం లాంటి నాలుగు పనులు చేయించింది. బటన్లున్న 2005 నాటి వోల్వో కారులో 306 మీటర్లు వెళ్లేలోపే పని అయిపోయింది. టచ్ స్క్రీన్ ఉన్న ఓ కొత్త కారులో అదే పనికి 1,372 మీటర్లు పట్టింది! యూరప్ భద్రతా సంస్థ యూరో ఎన్‌క్యాప్ కూడా 2026 నుంచి ఇండికేటర్లు, వైపర్లు, హారన్ లాంటి వాటికి విడి బటన్లు గానీ లివర్లు గానీ ఉన్న కార్లకే పూర్తి మార్కులు ఇస్తామంది.

అంటే పాత కారులోని ఏసీ నాబ్‌లను, స్విచ్‌లను అలాగే ఉంచి స్టీరియో ఒక్కటే మార్చడం మంచిది. స్టీరింగ్ మీద బటన్లుంటే కొత్త స్క్రీన్‌కు కలిపించుకోండి. రోడ్డు మీద నుంచి చూపు తిప్పక్కర్లేదు.

లాభం లేదా అంటే.. ఉంది. డ్రైవింగ్‌లో ఫోన్ చేత్తో పట్టుకుని వాడితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 184 కింద ప్రమాదకర డ్రైవింగే. తొలిసారి దొరికితే రూ.1,000 నుంచి రూ.5,000 వరకు జరిమానా లేదా ఆరు నెలల నుంచి ఏడాది జైలు, లేదంటే రెండూ. ఆండ్రాయిడ్ ఆటో, యాపిల్ కార్‌ప్లే ఉన్న స్క్రీన్ అయితే మ్యాపు కోసం ఫోన్ చేతిలోకి తీసుకోవాల్సిన పని ఉండదు.

షాపు దగ్గరే ఇవి చూసుకోండి

* తాళం తీయగానే స్క్రీన్ ఆగుతోందా?
* రివర్స్ గేర్ వేయగానే కెమెరా వస్తోందా?
* హారన్, ఇండికేటర్లు, హజార్డ్ లైట్లు, ఏసీ ముందులాగే పనిచేస్తున్నాయా?
* ఎండలో స్క్రీన్ కనిపిస్తోందా?
* బిల్లు, వారంటీ కాగితం చేతికిచ్చారా?

నల్లమల దారిలో సిగ్నల్ అందని చోట్లుంటాయి. గిద్దలూరు వైపు వెళ్లేవాళ్లు ముందే మ్యాపు డౌన్‌లోడ్ చేసుకోండి. వెళ్లాల్సిన ఊరు బండి కదలకముందే సెట్ చేసుకోవాలి. ఆ తర్వాత చూపు రోడ్డు మీదే ఉండాలి.