చిన్న బండి... పెద్ద లెక్క!

‘లీటరుకు ఎంతిస్తోంది?’ - కిరాయి బండి కొనాలనుకునే ప్రతి ఒక్కరూ అడిగే మొదటి ప్రశ్న ఇదే. మైలేజీ ముఖ్యమే, కాదనలేం. కానీ బండి ఇంటికి అన్నం పెడుతుందా, అప్పు తెచ్చిపెడుతుందా అన్నది తేల్చే అంకె ఇంకొకటుంది. మార్టూరు రోడ్డు మీద ఆ లెక్కేంటో చూద్దాం రండి.

చిలకలూరిపేటకూ ఒంగోలుకూ మధ్య, పదహారో నంబరు జాతీయ రహదారి మీద ఉంటుంది మార్టూరు. మొన్నటిదాకా ప్రకాశం జిల్లా, 2022 ఏప్రిల్‌ నుంచి బాపట్ల జిల్లా. జిల్లా మారినా బతుకుదెరువు మారలేదు. చుట్టూ పత్తి, మిర్చి చేలు. రోడ్డు పక్కన గ్రానైట్‌ పాలిషింగ్‌ యూనిట్లు. ఇన్ని సరుకులున్న చోట చిన్న బండికి పనికేం కొదవ అనిపిస్తుంది. అందుకే వాయిదాల మీద బండి తీసుకుని స్టాండులో పెట్టే కుర్రాళ్లు ఎక్కువ.

మూడు నుంచి నాలుక్కి...

ఒకప్పుడు ఈ పనంతా మూడు చక్రాల ట్రాలీ ఆటోలదే. 2005 మే నెలలో టాటా ఏస్‌ వచ్చి ఆ లెక్క మార్చేసింది. గిరీశ్‌ వాఘ్‌ నాయకత్వంలో తయారైన ఈ బండికి రెండు సిలిండర్ల డీజిల్‌ ఇంజిను, 16 గుర్రాల శక్తి. మోసే బరువు 750 కిలోలు. ధర అప్పట్లో రెండు లక్షల పాతికవేల చిల్లర. నాలుగు చక్రాల బండి ఉంటే ఊళ్లో పెళ్లి సంబంధాలూ మెరుగ్గా వస్తాయని ఒక మూడు చక్రాల బండి డ్రైవరు తమతో అన్నాడని కంపెనీ పెద్దలు తర్వాత చెప్పుకున్నారు. హిందీ రాష్ట్రాల్లో ‘ఛోటా హాథీ’ అని ముద్దుగా పిలుచుకున్న ఈ బండి ఏడేళ్లలోనే పది లక్షలు అమ్ముడైంది. తర్వాత మహీంద్రా మ్యాక్సిమో, అశోక్‌ లేలాండ్‌ దోస్త్‌, మారుతి సూపర్‌ క్యారీ... పోటీకి చాలానే వచ్చాయి.

బండి వచ్చిన ఏడాది మన దగ్గర డీజిల్‌ లీటరు ముప్ఫై రూపాయల పైచిలుకు. 2014 అక్టోబరులో డీజిల్‌ ధర మీద ప్రభుత్వ నియంత్రణ పోయింది. 2017 జూన్‌ 16 నుంచి రోజువారీ ధరల పద్ధతి వచ్చింది. మన లెక్క తేలిగ్గా ఉండాలి కాబట్టి లీటరు వంద రూపాయలనుకుందాం.

గుంటూరు వెళ్లొస్తే...

మార్టూరు నుంచి గుంటూరు మిర్చి యార్డుకు దాదాపు 60 కిలోమీటర్లు. రానూపోనూ 120. బండి లీటరుకు 16 కి.మీ. ఇస్తుందనుకుంటే ఏడున్నర లీటర్లు, అంటే 750 రూపాయలు. టిక్కీ 44 కిలోలైతే 750 కిలోల పరిమితిలో పట్టేవి 17 టిక్కీలు. టిక్కీకి డీజిల్‌ ఖర్చు 44 రూపాయలన్నమాట.

ఇప్పుడు మైలేజీ పెంచుదాం. టైర్లలో గాలి సరిగ్గా పెట్టించి, ఫిల్టర్లు మార్చి, నెమ్మదిగా నడిపి... 16ను 18 చేశారనుకోండి. ఆదా 83 రూపాయలు. అదే గుంటూరు నుంచి తిరిగొచ్చేటప్పుడు ఎరువు బస్తాలో, కిరాణా సరుకో, సిమెంటో ఎక్కిందనుకోండి. వచ్చే 60 కిలోమీటర్ల డీజిలు, 375 రూపాయలు, ఆ కిరాయిలోంచే వచ్చేస్తుంది. అంటే ఎంత కష్టపడి పెంచిన మైలేజీ కన్నా తిరుగు ప్రయాణంలో దొరికిన లోడు నాలుగు రెట్లు పైన! ఖాళీగా తిరిగిన కిలోమీటరే ఈ వ్యాపారంలో అన్నిటికన్నా ఖరీదైంది.

మరి లారీతో పోలిస్తే? లీటరుకు నాలుగు కిలోమీటర్లిచ్చే లారీ అదే దారిలో 30 లీటర్లు తాగుతుంది. కానీ 200 టిక్కీలు మోస్తుంది. టిక్కీకి 15 రూపాయలే. ఆ లెక్కన చిన్న బండి చౌకేమీ కాదు. అయినా రైతు ఎందుకు పిలుస్తాడు? పదిహేడు టిక్కీలున్న రైతు లారీ నిండేదాకా ఆగలేడు కాబట్టి. ఇవాళ ధర బాగుంటే ఇవాళే యార్డుకు చేరాలి. చిన్న బండి అమ్ముకునేది ఆ వేళనే. ఆ సంగతి తెలిసిన యజమాని కిరాయి బేరంలో లారీ రేటుతో పోటీపడడు.

పత్తికో లెక్క... రాయికో లెక్క

పత్తి బోరేలు వేస్తే 750 కిలోలు రాకముందే బండి నిండిపోతుంది. పక్కలకు కర్రలు కట్టి ఎత్తుగా పేరిస్తే గాలి అడ్డం తగులుతుంది. వేగం పెరిగేకొద్దీ గాలి నిరోధం దాని వర్గం లెక్కన పెరుగుతుంది. నలభైలో వెళ్తే తెలియని భారం అరవైలో రెట్టింపు దాటుతుంది. బరువు తక్కువే కదా అని హైవే మీద తొక్కితే డీజిలు మంట అక్కడే!

గ్రానైట్‌ది పూర్తిగా ఎదురు సంగతి. 20 మిల్లీమీటర్ల మందమున్న రాయి చదరపు అడుగుకు సుమారు అయిదు కిలోలు తూగుతుంది. పన్నెండుకు పన్నెండడుగుల గదికి పరిచే రాయి 144 చదరపు అడుగులు, అంటే 700 కిలోల పైనే. ఒక గది రాయి ఒక లోడు. చూపుకి బండిలో సగం కూడా నిండదు. ‘ఇంకో నాలుగు పలకలు వేసెయ్‌ అన్నా’ అంటారు యజమానులు. అక్కడే చాలామంది దెబ్బతింటారు. అధిక బరువుతో క్లచ్‌ ప్లేట్లు, బేరింగులు, టైర్లు తొందరగా పోతాయి. బ్రేకు వేస్తే బండి ఆగే దూరం పెరుగుతుంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అధిక లోడుకు జరిమానా 20 వేలు, పైగా అదనపు టన్నుకు మరో రెండు వేలు. ట్రిప్పుకు 500 మిగిలే బండికి అది నలభై ట్రిప్పుల సంపాదన.

కదలకున్నా ఖర్చే!

డీజిలు ఖర్చు బండి నడిస్తేనే. వాయిదా అలాక్కాదు. నెల వాయిదా 10 వేలు, బీమా, ఫిట్‌నెస్‌ లాంటివన్నీ కలిపి నెలకు మూడు వేలు అనుకుందాం. 26 రోజులు పని దొరికితే రోజుకు 500. పదమూడు రోజులే దొరికితే వెయ్యి! మిర్చి సీజను వేసవితో ముగుస్తుంది. ఎండాకాలంలో యార్డుకు సెలవులూ ఇస్తారు. పత్తి చలికాలం పంట. మిగతా నెలల్లో రాయి, ఇళ్ల సామాను, దుకాణాల సరుకు ముందుగా మాట్లాడిపెట్టుకోని బండి స్టాండులోనే వాయిదా మింగుతుంది.

పని స్థిరంగా ఉండటం ఎంత ముఖ్యమో రేషన్‌ బండ్లే చెప్పాయి. 2021 జనవరి 21న విజయవాడలో 9,260 వాహనాలతో మొదలైన ఇంటింటి రేషన్‌ పంపిణీ 2025 జూన్‌ 1 నుంచి ఆగిపోయింది. బండి అదే, ఇంజిను అదే, మైలేజీ అదే. వెతుక్కోవాల్సింది లోడు.

టోలు విషయంలో మాత్రం చిన్న బండికి కాస్త ఊరట. ఫాస్టాగ్‌ వర్గీకరణలో ‘టాటా ఏస్‌, అలాంటి చిన్న వాహనాలు’ అని పేరు పెట్టి మరీ కార్ల తరగతిలో చేర్చారు. మార్టూరు మండలం బొల్లాపల్లి లాంటి టోల్‌గేట్ల దగ్గర 24 గంటల్లో తిరిగొచ్చేస్తే రెండు వైపులకూ కలిపి ఒకటిన్నర రుసుమే. యార్డులో రాత్రి ఎక్కువసేపు చిక్కుకుపోతే ఆ లాభమూ పోతుంది.

డీజిలా... కరెంటా?

2025 జూన్‌లో వచ్చిన ఏస్‌ ప్రో పెట్రోలు, సీఎన్జీ, విద్యుత్‌ రకాల్లో వచ్చింది. డీజిలు ఊసే లేదు. 2022 మేలో ప్రకటించిన ఏస్‌ ఈవీకి ఒక చార్జికి 154 కి.మీ. అని ధ్రువీకరించారు. ఊళ్లో దుకాణాలకు సరుకు వేసే బండికి అది హాయి. గుంటూరు వెళ్లొచ్చే 120 కిలోమీటర్లకు మాత్రం లోడు, వేగం, ఎండ కలిస్తే మిగిలే దూరం తక్కువ. రోజూ ఎంత తిరుగుతారో తెలియకుండా ఏ ఇంధనం మంచిదో చెప్పలేం.

అందుకే అనుభవమున్న యజమానులు బండిలో ఓ చిన్న నోటుపుస్తకం ఉంచుతారు. ట్యాంకు నిండా కొట్టించినప్పుడు మీటరు అంకె, పట్టిన లీటర్లు ఒక గీతలో. ఆ రోజు లోడుతో నడిచినవెన్ని, ఖాళీగా నడిచినవెన్ని అన్నది పక్క గీతలో. నెలయ్యాక ఖాళీ గీత కూడి చూడండి. అది మొత్తంలో సగముంటే మెకానిక్‌ దగ్గరకు పరిగెత్తక్కర్లేదు. గుంటూరులో నలుగురు దుకాణదారుల ఫోన్‌ నంబర్లు సంపాదిస్తే చాలు!