ఆకురాయి పాఠం విశ్వవిద్యాలయంలోకి ఎలా వచ్చింది?

ఇంజనీరింగ్ మొదటి ఏడాది వర్క్‌షాప్ క్లాసులో ఇనప ముక్కను అరగదీయడం చాలామందికి అనుభవమే. ఐదారు మిల్లీమీటర్ల మందమున్న చదరపు ముక్కలు రెండు చేతికిస్తారు. ముందు ఒక అంచును ఆకురాయితో చదును చేయాలి. తర్వాత దానికి లంబంగా రెండో అంచు. మూలమట్టం ఆనించి వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే సందులోంచి కాంతి కనబడకూడదు. అప్పుడే గీతలు గీయనిస్తారు. గీత మీద పంచ్‌తో చుక్కలు కొట్టాలి, రంపంతో కోయాలి, మళ్లీ అరగదీయాలి. చివరికి ఒక ముక్కలోని గాడిలో రెండో ముక్క మొన సందు లేకుండా కూర్చోవాలి. దీన్ని వి-ఫిట్ అంటారు. ఇలాంటి పనులన్నిటికీ కలిపి ఫిట్టింగ్ (లోహపు ముక్కలను ఒకదానిలో ఒకటి అమరేలా తీర్చడం) అని పేరు.

ఆ ముక్కను ఏ యంత్రంలోనూ బిగించరు, ఎవరికీ అమ్మరు. మార్కులు వేశాక మూలన పడేస్తారు. దేనికీ ఉపయోగపడని వస్తువును అంత శ్రద్ధగా ఎందుకు చేయిస్తారు? ఈ పద్ధతి 1868 ప్రాంతంలో మాస్కోలో పుట్టింది. ఎనిమిదేళ్ల తర్వాత అమెరికాలోని బోస్టన్‌కు చేరి, ఒక విశ్వవిద్యాలయ స్థాయి సంస్థలో శాఖగా నిలదొక్కుకుంది.

అంతకు ముందు చేతిపని నేర్చుకోవడానికి ఒకటే దారి. కుర్రవాడు మేస్త్రీ దగ్గర చేరేవాడు. ఏళ్ల తరబడి తిత్తులు ఊదుతూ, పనిముట్లు అందిస్తూ, చూసి నేర్చుకునేవాడు. పందొమ్మిదో శతాబ్దంలో పెద్ద కర్మాగారాలు వచ్చాక ఆ దారి మూసుకుపోసాగింది. చేరిన కుర్రవాణ్ని ఒకే యంత్రం దగ్గర నిలబెడితే అతనికి ఆ ఒక్క పనే వస్తుంది. మరోవైపు కాలేజీలో చదివిన ఇంజనీరుకు లెక్కలు వచ్చు, బొమ్మ గీయడం వచ్చు. తాను గీసిన భాగాన్ని ఇనుముతో ఎలా చేస్తారో మాత్రం తెలియదు.

మాస్కోలోని సాంకేతిక పాఠశాల మొదట అనాథ పిల్లల కోసం నడిచిన చేతివృత్తుల బడి. 1868లో దానికి ఇంపీరియల్ టెక్నికల్ స్కూల్ హోదా వచ్చింది. డైరెక్టర్ విక్టర్ డెల్లా-వాస్, వర్క్‌షాపుల బాధ్యత చూసే ద్మిత్రీ సోవెత్కిన్ అక్కడ ఒక చిక్కును గమనించారు. విద్యార్థిని నేరుగా ఉత్పత్తి జరిగే షాపులోకి పంపితే, ఆ రోజు ఏ ఆర్డరు వస్తే ఆ పనే దొరుకుతుంది. సులువైన పని ముందు, కష్టమైన పని తర్వాత అనే వరస ఉండదు. పని గడువులోగా అప్పజెప్పాల్సిన మేస్త్రీకి నేర్పే తీరిక ఉండదు. కుర్రవాడు సరుకు పాడుచేస్తే నష్టం.

వారు కనిపెట్టిన ఉపాయం నేర్పే షాపును, సరుకు తయారుచేసే షాపును విడదీయడం. ఒక్కో వృత్తిని తీసుకుని, అందులో చేతి కదలికలు ఎన్ని, కోతలు ఎన్ని, అతుకులు ఎన్ని అని విడగొట్టారు. వాటిని సులువు నుంచి కష్టానికి వరసగా పేర్చి, ఒక్కోదానికి ఒక నమూనా, ఒక చిత్రపటం తయారుచేశారు. వడ్రంగానికి, కమ్మరానికి, ఫిట్టింగ్‌కు వేరువేరు గదులు కేటాయించారు. ఎంతమంది విద్యార్థులుంటే అన్ని బల్లలు, అన్ని జతల పనిముట్లు. అందరూ చిత్రపటం చూసే చేయాలి. ఒక నమూనా తృప్తికరంగా పూర్తయితే తప్ప తర్వాతిది ముట్టుకోకూడదు. ఈ శిక్షణ ముగించినవారే ఉత్పత్తి షాపులోకి వెళ్తారు.

ఫలితం పెద్దది. మేస్త్రీ పక్కన ఒకరిద్దరే నేర్చుకోగల పనిని ఇప్పుడు ఒకే ఉపాధ్యాయుడు తరగతి మొత్తానికి నేర్పగలడు. చేతిపనికి పాఠ్యక్రమం ఏర్పడింది. పాఠ్యక్రమం ఉన్నదానికి విశ్వవిద్యాలయంలో చోటు అడగవచ్చు.

1876లో అమెరికా స్వాతంత్ర్య శతాబ్ది సందర్భంగా ఫిలడెల్ఫియాలో పెద్ద ప్రదర్శన జరిగింది. యంత్రాల మందిరంలో జనమంతా 1,400 అశ్వశక్తి గల కోర్లిస్ ఆవిరి యంత్రం చుట్టూ మూగారు. అదే ప్రదర్శనలో మాస్కో పాఠశాల తన నమూనాలను వరసగా పేర్చి పెట్టింది. వాటి ముందు ఆగినవారిలో జాన్ రంకిల్ ఒకరు. గణితం ఆచార్యుడు, అప్పటికి మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (ఎంఐటీ) అధ్యక్షుడు. తన విద్యార్థులకు ఏం కొరవడిందో ఆయనకు ఆ నమూనాల్లో కనిపించింది. అదే ఏడాది ఆగస్టులో ఎంఐటీ పాలకమండలి శిక్షణ షాపులకు, వాటితోపాటు స్కూల్ ఆఫ్ మెకానిక్ ఆర్ట్స్ అనే శాఖకు అనుమతిచ్చింది. షాపుల్లో ఇంజనీరింగ్ విద్యార్థులు సాధన చేసేవారు. కొత్త శాఖ మాత్రం ఇంజనీరు కావాలనుకోకుండా పరిశ్రమల్లోకి వెళ్లదలచిన కుర్రవాళ్ల కోసం.

అమెరికాలో మరో దారి అప్పటికే ఉంది. వూస్టర్‌లోని సాంకేతిక కళాశాల 1868 నుంచి వాష్‌బర్న్ షాప్స్ పేరుతో అమ్మకానికి సరుకు తయారుచేసే షాపు నడిపింది. విద్యార్థులు అక్కడ జీతగాళ్ల పక్కన నిలబడి నేర్చుకునేవారు. వస్తువు కొనేవాడి చేతికి వెళ్తుంది కాబట్టి తప్పు చేస్తే వెంటనే తెలుస్తుంది. మాస్కో పద్ధతిలో లేని బలం ఇది. క్రమబద్ధంగా నేర్పడంలో మాస్కోది పైచేయి అయితే, పని ఎందుకోసం అన్న స్పృహ కలిగించడంలో వూస్టర్‌ది పైచేయి. రెండూ అవసరమే అని నా అభిప్రాయం. డెల్లా-వాస్ కూడా ఉత్పత్తి షాపును తీసేయలేదు, వెనక్కి జరిపాడంతే. ఈ సంగతిని తర్వాతివారు చాలామంది మరిచిపోయారు.

సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో కాల్విన్ వుడ్‌వర్డ్ ఈ పద్ధతిని మరో మెట్టు ముందుకు తీసుకెళ్లాడు. 1880లో విశ్వవిద్యాలయం అండతో హైస్కూలు వయసు పిల్లలకు మాన్యువల్ ట్రైనింగ్ స్కూల్ తెరిచాడు. చేతిపని కూలికే కాదు, ఆలోచన పెంచుకోవడానికీ పనికొస్తుందని ఆయన వాదన. అదే నగరంలో పాఠశాలల సూపరింటెండెంట్‌గా పనిచేసిన విలియం హారిస్ దీన్ని ఒప్పుకోలేదు. రంపం పట్టడం కన్నా చదవడం, లెక్కవేయడం పిల్లవాడికి ఎక్కువ తలుపులు తెరుస్తాయన్నాడు. హారిస్ మాటలో నిజం లేకపోలేదు. కానీ చిత్రపటం చదవడం, కొలవడం, తన తప్పును తానే పట్టుకోవడం వర్క్‌షాపులోనూ జరిగే పనులే.

1917లో అమెరికా స్మిత్-హ్యూస్ చట్టం చేసి వృత్తి విద్యకు విడిగా నిధులిచ్చింది. దాంతో చేతిపని కళాశాలల పరిధి దాటి వేరే దారి పట్టింది. 1955లో వచ్చిన గ్రింటర్ నివేదిక ఇంజనీరింగ్ చదువులో గణితం, భౌతికశాస్త్రాల వాటా పెంచాలంది. పాఠ్యక్రమంలో చోటు పరిమితం కాబట్టి షాపు గంటలు తగ్గాయి. అందులో దురుద్దేశం లేదు. అంతరిక్షం, ఎలక్ట్రానిక్స్ వంటి కొత్త రంగాలకు ఆ శాస్త్రం కావాలి. అయినా లోటు కనబడింది. 1970లలో అదే ఎంఐటీలో వుడీ ఫ్లవర్స్ విద్యార్థులకు ఒక పెట్టెడు విడి సామాను ఇచ్చి, వాటితో యంత్రం చేసి పోటీకి దిగమన్నాడు. నమూనాకు బదులు పని చేయాల్సిన వస్తువు వచ్చింది.

మన దగ్గర గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో మెకానికల్ కోర్సు 1894లో మొదలైంది. తెలుగువారికి బాగా తెలిసిన కాకినాడ ఇంజనీరింగ్ కళాశాల 1946లో పుట్టింది. 1950లో కేంద్రం ప్రారంభించిన చేతివృత్తుల శిక్షణ పథకం కింద ఐటీఐలు పనిచేస్తున్నాయి. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు తీసుకున్న విద్యార్థి సులువు నుంచి కష్టానికి సాగే అభ్యాసాలను నెలల తరబడి చేస్తాడు. ఇంజనీరింగ్ విద్యార్థి వాటిలో కొన్నిటిని మొదటి ఏడాదిలో రుచి చూసి వదిలేస్తాడు. ఎంఐటీలో 1876లో ఒకే షాపు కప్పు కింద కలిసిన ఇద్దరూ ఇక్కడ వేరువేరు గేట్లలోంచి లోపలికి వెళ్తున్నారు. ఐటీఐ కుర్రవాడికి డిజైన్ గది కనబడదు, ఇంజనీరింగ్ విద్యార్థికి ఉత్పత్తి షాపు కనబడదు. ఈ ఏర్పాటు మార్చవలసిందే. ఊళ్లో ఇంజనీరింగ్ కళాశాల, ఐటీఐ రెండూ ఉంటే, వాటి వర్క్‌షాపులు పంచుకోవడానికి కొత్త భవనాలు అక్కర్లేదు. ఒక టైంటేబుల్, ఇద్దరు ప్రిన్సిపాళ్ల సంతకాలు చాలు.

ఈ ఏడాది ఇంజనీరింగ్‌లో చేరుతున్నవారికి ఒక మనవి. వి-ఫిట్ ముక్కను వేరేవాళ్ల చేత చేయించుకోకండి. మూలమట్టం ఆనించి, వెలుతురు కనబడినంతసేపూ మీరే అరగదీయండి.